సాలమ్మ మోకాళ్ళ సాక్ష్యం

మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ ఊరి చర్చిలో పాటలు అయిపోయి, అయ్యగారు కళ్ళద్దాలు సర్దుకుని "సాక్ష్యం చెప్పేటోళ్ళు ఎవరన్న ఉన్నరా?" అని అడిగేలోపే సాలమ్మ లేచి నిలబడి ఉండేది. దేవుడు తనకు చేసిన మేలు నలుగురి ముందు చెప్పుకోవడమే సాక్ష్యం. మిగతావాళ్ళకు ఏడాదికి ఒకటి దొరకడమే కష్టం. జ్వరం తగ్గిందనో, పిల్లవాడు పదో తరగతి గట్టెక్కాడనో రెండు ముక్కలు చెప్పి కూర్చుంటారు. సాలమ్మకు వారం వారం దొరికేది. ఓసారి ఆమె మేక తనంతట తానే షేర్ ఆటో ఎక్కి మొయినాబాద్ పోయి, అదే ఆటోలో తిరిగి వచ్చింది. ఆ సంగతి చెప్తూ ఆమె ఏడ్చింది, సంఘం ఏడ్చింది. కిరాయి దొరకని ఆటోవాడు కూడా, క్రైస్తవుడు కాకపోయినా, గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చాడు.

ప్రతి సాక్ష్యాన్నీ ఆమె ఒకే తీరుగా కట్టేది. ముందు కష్టం, నడుమ మలుపు, చివర సంతోషం. కష్టం దగ్గర గొంతు తగ్గేది, సంతోషం దగ్గర మైకు కీచుమనేది. ఏడాదంతా గులాబీ తోటల్లో వంగి కలుపు తీసే మనిషికి, నిటారుగా నిలబడి మాట్లాడే చోటు అదొక్కటే. పంటలో తొలి పాలు దేవునికి తెచ్చిచ్చే కోత పండుగ నాడైతే చుట్టుపక్కల సంఘాలన్నీ వస్తాయి, లౌడ్‌స్పీకర్ చేవెళ్ల రోడ్డు దాకా వినబడుతుంది. ఆ రోజు మైకు సాలమ్మదే. పండుగకు రెండు నెలల ముందునుంచే ఇంట్లో గిన్నెల ముందు నిలబడి తయారయ్యేది.

"ఆ గిన్నెలు గుడ మారుమనసు పొందినట్టున్నయి. జర అన్నం పెట్టరాదె" అనేవాడు ఆమె భర్త పౌలు. అతను జన్వాడలో ఒక ఫామ్‌హౌస్ తోటకు నీళ్ళు పెట్టేవాడు. మాట్లాడటం పూర్తిగా భార్యకే వదిలేశాడు.

అవి హైటెక్ సిటీ నుంచి కార్లు ఆదివారాలు భూములు వెతుక్కుంటూ వచ్చే రోజులు. క్షవరం చేసేవాడు, బడిపంతులు, కిరాణా కొట్టువాడు అందరూ ప్లాట్ల ఏజెంట్లయ్యారు. గడ్డం గీయించుకోవాలంటే ముందు లేఅవుట్ మ్యాపు చూడాల్సి వచ్చేది. చేవెళ్లలో ఎరువుల దుకాణం నడిపే రామేశ్వర్ సేటు కూడా, పొలాలే లేనప్పుడు ఎరువులెవరు కొంటారని యూరియా బస్తాలు పక్కకు జరిపి రియల్ ఎస్టేట్ బోర్డు పెట్టాడు. మొయినాబాద్ దాటినాక రోడ్డు పక్కన రాళ్ళ భూమి ఒకటి తీసుకుని, సిమెంటు సింహాలతో గేటు కట్టించి, సున్నం పూసిన హద్దురాళ్ళు పాతించి, "సిలికాన్ పల్లె" అని పేరు పెట్టాడు. గండిపేట చెరువుకు నీళ్ళు పోయే నేల కాబట్టి అక్కడ ఇళ్ళు కట్టడానికి సర్కారు ఒప్పుకోదు. ఆ సంగతి ఇక్కడి మేకలకు కూడా తెలుసు. అందుకే సేటు ఇక్కడివాళ్ళ జోలికి పోలేదు. అమెరికా, లండన్, మస్కట్ తెలుగువాళ్ళు చూసే టీవీ చానల్లో వారానికి అరగంట కొన్నాడు.

ఒకటే ఇబ్బంది. ప్రోగ్రాంలో "నేను ఇక్కడ ప్లాటు కొని సుఖంగా ఉన్నాను" అని చెప్పడానికి తెచ్చిన కిరాయి నటులు, చనిపోయిన చుట్టాన్ని తలుచుకుంటున్నట్టు చెప్పేవారు. ఫోన్లు రాలేదు. అలాంటి రోజుల్లో సేటు కారు కోత పండుగ జనంలో ఇరుక్కుంది. లౌడ్‌స్పీకర్లో సాలమ్మ సాక్ష్యం మొదటినుంచి చివరిదాకా విన్నాడు. దిగి, కళ్ళు తుడుచుకుని, ఆమె ఎవరని అడిగాడు.

మర్నాడే ఇంటికి వచ్చి, సిలికాన్ పల్లె గురించి టీవీలో సాక్ష్యం చెప్పమన్నాడు.

"సేటూ, నేను అబద్ధమాడ" అంది సాలమ్మ. "సాక్ష్యమంటే దేవుని ముందట నిలబడి చెప్పుడు."

"అబద్ధమెవ్వలు ఆడమన్నరమ్మా? మా దగ్గర చెట్లకు నీళ్ళు పొయ్యి. నీకేం అనిపిస్తే గదే చెప్పు."

ఆమె పనికి పోయింది. అక్కడున్నవి నాలుగు మొక్కలు. నీళ్ళు పోసి రంగురంగుల గొడుగు కింద కూర్చోవడమే పని. కలుపు లేదు, వంగడం లేదు, లేవడం లేదు. వారం తిరగకముందే ఏళ్ళ తరబడి వేధించిన మోకాళ్ళ నొప్పి మాయమైంది. కెమెరా రాగానే సాలమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆర్ఎంపీ సూదులు, చేవెళ్ల దవాఖాన, పసరు కట్లు, ఇదంతా కష్టం. "ఈ జాగల కాలు పెట్టిన, నా నొప్పి పోయింది!" ఇది సంతోషం. నడుమ మలుపు కూడా చెప్పింది: "ఎందుకంటే ఇక్కడ ఇల్లు లేదు, మనిషి లేడు, చేతికి పని లేదు. మొక్కలకు గుడ నీళ్ళు ట్యాంకరే తేవాలె. రోజంత ఊకె కూసుంట."

టీవీలో కష్టం వచ్చింది, సంతోషం వచ్చింది. మలుపు రాలేదు. దాని బదులు నవ్యశ్రీ అనే యాంకరమ్మ తెల్లచీరలో నడిచొచ్చి, ఇక్కడి రాళ్ళలోంచి వచ్చే గాలిలో కీళ్ళకు మేలుచేసే ఖనిజాలున్నాయని చెప్పి, లోపలిదాకా పీల్చి చూపింది. అక్కడ లోపలిదాకా పీల్చితే వచ్చేది పక్క కోళ్ళఫారం వాసన. అమెరికాకు అది చేరదు.

హిమాయత్‌నగర్‌లో ఆ చానల్ రాదు గనుక సాలమ్మకు ఇదేమీ తెలియదు. సేటు దగ్గర పని అయిపోగానే మళ్ళీ గులాబీ తోటకు పోయింది, మోకాళ్ళు మళ్ళీ పట్టేశాయి. కెమెరా సంగతి కూడా ఆమె మరిచిపోయింది. మళ్ళీ కోత పండుగ దగ్గరికొస్తోంది.

ఒక ఆదివారం ఆరాధన నడుస్తుండగా చర్చి ముందు ఒక పెద్ద కారు ఆగింది. న్యూజెర్సీలో కంప్యూటర్ పని చేసే ఉదయ్‌భాస్కర్ దిగాడు. చంకలో లాప్‌టాప్. వెనుక సీట్లోంచి వాళ్ళమ్మ శకుంతలమ్మ, తలుపు పట్టుకుని ఒక్కో కాలు కిందికి దింపుతోంది.

"మోకాళ్ళ సాలమ్మగారు ఇక్కడేనా?" అన్నాడు గుమ్మంలోంచి.

సంఘమంతా తిరిగి సాలమ్మ మోకాళ్ళ వైపు చూసింది.

"ఆంటీ, మీ వీడియో మా తెలుగు అసోసియేషన్‌లో అందరం చూశాం. మా అమ్మకోసం ప్లాటు బుక్ చేద్దామని వచ్చాను. మీరు ఎగ్జాక్ట్‌గా ఏ స్పాట్‌లో కాలు పెట్టారు? అది ఈస్ట్ ఫేసింగేనా?"

లాప్‌టాప్ తెరిచాడు. అందరూ ముందుకు జరిగారు. చర్చిలో ఆ పూట రెండోసారి సాలమ్మ సాక్ష్యం మోగింది, ఈసారి మలుపు లేకుండా. చివర ఫోన్ నంబరు.

"గది నేను చెప్పిందే, గని నేను చెప్పింది గాదు" అంది సాలమ్మ. ఎవరికీ అర్థం కాలేదు.

అయ్యగారు ఆనంద్ బాబు నెమ్మదైన మనిషి. ప్రార్థన ముగిసి కారు పోయినాక ఆమెను పక్కకు పిలిచాడు. "సాలమ్మా, దేవుడు చేస్తే దేవుడు చేసిండనాలె. పని లేక తగ్గితే పని లేక తగ్గిందనాలె. సేటు భూమి తగ్గించిందని ఎట్లంటవ్?"

"నేను అనలే అయ్యగారూ! నడుమ కోసిండ్రు."

"కోసిన సాక్ష్యం అబద్ధ సాక్ష్యమే. అది సరిచేసినంకనే కోత పండుగ నాడు మైకు. లేకుంటే ఈ ఏడు అంతమ్మ చెప్తది."

అంతమ్మ! "దేవుడు మంచోడు" అని కూర్చునే అంతమ్మ!  సాలమ్మ ఇంటికి వచ్చి గిన్నెల వైపు కూడా చూడలేదు.

"పోతె పోనీ" అన్నాడు పౌలు. "నాకు గుడ ఒక పండుగ దొరుకుతది."

ఆమె ఆ మాటకు జవాబివ్వలేదు. పెళ్ళయినప్పటినుంచీ ఆమె జవాబివ్వకపోవడం అదే మొదటిసారి. పౌలు భయపడి, తెల్లారగానే తనే షేర్ ఆటో పిలుచుకొచ్చాడు.

చేవెళ్లలో సేటు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు.

"నా మాట నాకు వాపసియ్యి సేటూ."

"గాలిల కలిసినంక వాపసెట్ల వస్తదమ్మా? ఒక పని చేద్దాం. శనివారం లైవ్ ఉన్నది. అమెరికోళ్ళందరు నీతోని మాట్లాడాల్నని మొండిపట్టు పట్టిండ్రు. రా. నీకు తోచింది చెప్పు. లైవ్‌ల కోసుడుండది."

"ఒట్టు?"

గల్లాపెట్టె మీది లక్ష్మీదేవి పటం ముట్టుకుని ఒట్టు పెట్టాడు. సాలమ్మ నోట్లోంచి ఏ మాట వచ్చినా అమ్ముడుపోతుందని అతనికి నమ్మకం. నమ్మకం కలిగిన మనిషికి ఒట్టొక లెక్కా!

బంజారాహిల్స్ స్టూడియోలో ఆమెకు పౌడరేశారు. ఏసీ చలికి పళ్ళు టకటకలాడాయి. ప్రోగ్రాం మొదలయ్యేలోపు పక్కన కూర్చున్న, వీడియో ముక్కలు కోసి అతికే ఎడిటర్‌ను పట్టుకుంది.

"అయితే నా మాట కోసింది నువ్వేనా, నాయనా?"

"నేనే అమ్మా" అన్నాడతను, మెచ్చుకుంటోందనుకుని. "మనిషి ఊపిరి తీసుకునే చోట కోస్తాం. అక్కడైతే అతుకు కనబడదు."

హిమాయత్‌నగర్‌లో అయ్యగారు ఎవరినో బతిమాలి ఆ చానల్ పెట్టించాడు. సంఘమంతా ఆయనింట్లోనే. సాలమ్మ తెరమీద కనబడగానే అంతమ్మ "దేవుడు మంచోడు" అంది.

"అన్నలారా, అక్కలారా" అని మొదలుపెట్టింది సాలమ్మ. "నా మోకాళ్ళు పని లేక తగ్గినయి. భూమితోని గాదు. అక్కడ ఇల్లు కట్టుకోనియ్యరు. నీళ్ళు లెవ్వు. చీకటైతే పురుగూ పుట్రా. సింహాల్ల ఒకదానికి తోక లేదు."

"అంటే, అంత ప్రశాంతత అన్నమాట!" అంది నవ్యశ్రీ, చిరునవ్వు చెదరకుండా.

డల్లాస్ నుంచి ఫోన్: "వావ్! ఎంత హానెస్ట్‌గా చెప్తున్నారండీ! ఇలాంటి మనుషులున్న చోటే మాకు కావాలి. రెండు బుక్ చేయండి."

లండన్ నుంచి: "ఇళ్ళే ఉండవా? అయితే పక్కింటివాళ్ళ గొడవే ఉండదు. అద్భుతం."

మస్కట్ నుంచి: "పాములంటే పర్యావరణం బాగున్నట్టే కదా మేడమ్?"

సాలమ్మ నిజం చెప్పిన కొద్దీ కింద నంబరు మెరిసిపోతోంది. పక్కన సేటు ముఖం పెళ్ళికొడుకు ముఖంలా ఉంది. "అయ్యో, వద్దు బిడ్డా, కొనకుండ్రి!" అని ఆమె చేతులు జోడిస్తే, నవ్యశ్రీ ఆ చేతులు పట్టుకుని "నమస్కారంతో స్వాగతం పలుకుతున్నారు మన సాలమ్మగారు" అంది.

చివరి ఫోన్ హైదరాబాద్ నుంచే వచ్చింది. ముసలి గొంతు.

"నేను శకుంతలమ్మను. మా ఉదయ్ నిన్ను చూడ్డానికి తీసుకొచ్చాడు, గుర్తుందా? ఒక్కమాట చెప్పమ్మా. మళ్ళీ పనికి పోయినాక నొప్పి వచ్చిందా?"

"వచ్చింది తల్లీ. మునుపటికంటె ఎక్కువనే."

"నేననుకున్నాను. న్యూజెర్సీలో ఏడుగురికి రెండుపూటలా వంట నేనే. నిలబడే చేస్తాను. ఒరేయ్ ఉదయ్, పక్కనే ఉన్నావుగా, విన్నావా? నాకు ప్లాటు వద్దు. వంటమనిషిని పెట్టు."

"అమ్మా, లైవ్‌లో ఎందుకమ్మా..." అన్న గొంతు వినబడి, ఫోన్ తెగిపోయింది.

ఆ వారమే సిలికాన్ పల్లెలో ఫేజ్ టూ బోర్డు లేచింది. సాలమ్మ తలవంచుకుని అయ్యగారి ముందు నిలబడింది. 

"సరిచేసినవు, గని ఎవ్వలు నమ్మలే" అన్నాడు.

"ఒక్కామె నమ్మింది అయ్యగారూ."

"ఒక్కామె" అన్నాడాయన. తన ప్రసంగాలకు మారినవాళ్ళెందరో మనసులో లెక్క చూసుకున్నట్టున్నాడు. ముఖం కొంచెం వాడింది. "నాకంటె నయమే. మైకు తీస్కో. గని అయిదు నిమిషాలే."

కోత పండుగ నాడు చర్చి గుమ్మడికాయలు, జొన్నకంకులు, కోళ్ళతో నిండిపోయింది. ఆ కానుకల హర్రాజుకు జనం విరగబడ్డారు. సాలమ్మ మైకు దగ్గరికి పోయి తల ఎత్తేసరికి వెనుక వరుసలో రామేశ్వర్ సేటు, అతని పక్కన మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా, దాని వెనుక అదే ఎడిటర్. టీవీలో ఈ పండుగ జనమంతా సిలికాన్ పల్లె జనమైపోతారు కాబోలు. సేటు చేయి ఊపాడు.

మళ్ళీ కోస్తే ఇక మైకు అంతమ్మదే. సాలమ్మకు ఎడిటర్ మాట గుర్తొచ్చింది. ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ కత్తెర. అయినా మైకు వదలడం ఆమెవల్ల కాదు. గుండెనిండా ఒక్కసారి గాలి పట్టి మొదలుపెట్టింది.

"దేవునికి స్తోత్రం ఇల్లు కట్టనియ్యని సిలికాన్ పల్లెల నీళ్ళు లేని సిలికాన్ పల్లెల పని లేక తగ్గిన నా మోకాళ్ళు మళ్ళ కలుపుకు పోంగనే మళ్ళ నొచ్చిన నా మోకాళ్ళు తోకలేని సింహమున్న ఇల్లు కట్టనియ్యని సిలి..."

పేరు నడుమ గబుక్కున ఊపిరి పీల్చింది.

"...కాన్ పల్లెల మేకలు గుడ ఉండని ఇల్లు కట్టనియ్యని సిలి..."

రెండో పీల్పు. సంఘానికి దారి దొరికింది. ఆమె "సిలి" అని ఆగినప్పుడల్లా అందరూ ఒక్కగొంతుతో "స్తోత్రం!" అన్నారు. డోలకు కలిసింది. ఎక్కడో ఒక కోడి కూడా కలిసింది. సాలమ్మ ముఖం ఎర్రగా ఉబ్బింది, కళ్ళు బయటికొచ్చాయి, మాట మాత్రం తెగలేదు. పౌలు భయంతో లేచి ఒక చెంబెడు నీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు.

ఎడిటర్ కొంతసేపు విన్నాడు, వేళ్ళమీద ఏదో లెక్కపెట్టాడు. తరువాత కెమెరా ఆపి స్టాండు మడిచాడు.

"కోయడానికి చోటే లేదు. దీంట్లో ఒక్క ముక్క రాదు సేటూ."

"పేరన్న రాదా?"

"పేరే రాదు."

సేటు లేచి, ఎవరినీ చూడకుండా, గుమ్మడికాయల మధ్యలోంచి దారి చేసుకుంటూ బయటికి పోయాడు. కారు తలుపు పడ్డ చప్పుడు వినబడింది.

అప్పుడు సాలమ్మ ఆగింది. పౌలు చేతిలో చెంబు లాక్కుని గటగటా తాగింది. అయ్యగారు గడియారం చూసుకుని, ఆశీర్వాదానికని చేతులు పైకెత్తి, మైకు కోసం దగ్గరికొచ్చాడు.

"ఆగుండ్రి అయ్యగారూ" అంది సాలమ్మ, మైకు గుండెకు హత్తుకుని. "గిది నిరుటిది సరిచేసుడే. ఈ ఏటిది ఇంక షురూ చెయ్యలే."