అన్న మరిచిపోయిన కోపం

ప్రతి బుధవారం అన్నను చూడడానికి నేను నిజామాబాద్‌లో బోధన్ బస్సెక్కడం మా వీధిలో అందరికీ తెలిసిపోయింది. నిన్న పక్కింటి కోడలు, మీ అన్నాచెల్లెళ్లది ఎంత ప్రేమో అంది. అవునన్నాను గానీ, అది నిజమో అబద్ధమో నాకే తేలలేదు.

అవ్వ, అంటే మా అమ్మ, పోయేనాటికి నేను నాలుగో తరగతి. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే అన్న, డ్యూటీకి పోయే ముందు నాకు రెండు జడలు వేసి, ఒకటి చెవి మీదా ఒకటి మెడ కిందా దిగినా అదే బాగుందని నమ్మించి, మిషన్ బడికి సైకిల్ మీద దింపేవాడు. నన్ను నర్సును చేసిందీ ఆయనే. అందుకే కాబోలు, మా చర్చి సంబంధాలు కాదని నేను చందూర్ దగ్గరి హిందువుల ఇంటి రైతును చేసుకున్నప్పుడు, తిట్టలేదు, కొట్టలేదు, నాతో మాట్లాడడమే మానేశాడు. ముప్పై నాలుగేళ్లు. మూడేళ్ల కింద మా ఆయన పోయినప్పుడు కూడా రాలేదు.

పోయిన వానకాలంలో వదినె ఫోన్ చేసింది. అన్నకు మతిమరుపు జబ్బు ముదిరిందని, నన్నే అడుగుతున్నాడని. వెంటనే బోధన్ బస్సెక్కాను.

“గిన్ని దినాలు యాడ వోయినవ్ చెల్లె? బువ్వ తిన్నవా?” అన్నాడు, నేనేదో పొద్దున బడికి పోయి వచ్చినట్టు. తర్వాత అన్నం కంచం తెచ్చిన వదినెను చూసి, ఈమె ఎవరని నన్ను మెల్లగా అడిగాడు. నలభై ఏళ్లు ఆయనతో కాపురం చేసిన మనిషి, కంచం నా ముందు పెట్టి లోపలికి వెళ్లింది. ఆమె చోటు నేను లాక్కున్నట్టనిపించి, కంచం అన్న వైపు జరిపాను.

పోయిన బుధవారం ఉండబట్టలేక, మా ఆయన పోతే ఎందుకు రాలేదని అన్నను అడిగేశాను. ఆయన ముఖం చిన్నబోయింది.

“నీ పెనిమిటి పోయిండా? నాకెవ్వలు చెప్పలే,” అని నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. మూడేళ్లుగా నేను ఎదురుచూసిన ఏడుపు అది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, మంచి పిలగాన్ని చూసి నీ లగ్గం నేనే చేస్తానన్నాడు.

నన్ను సాగనంపడానికి వాకిట్లోకి వచ్చిన వదినె, “నీ పెనిమిటి పోయిన దినం మీ అన్న తెల్లంగి ఏసుకొని బస్టాండ్ దాంక వోయిండు. మల్లొచ్చి పండుకున్నడు. నీకు చెప్పొద్దని ఒట్టు వెట్టిండు,” అంది. నిజమే చెప్పిందో, నన్ను ఓదార్చడానికి కల్పించిందో తెలియదు. అడుగుదామంటే, తెలిసిన ఒక్క మనిషీ లోపల నాకు పెళ్లి సంబంధాలు ఆలోచిస్తున్నాడు.

ఇప్పుడు మా చర్చి ఇళ్లలోనే హిందువులతో పెళ్లిళ్లు జరుగుతున్నాయి, రెండు వైపుల వాళ్లూ ఒకే బంతిలో కూర్చుని తింటున్నారు. మేము దేనికోసం అన్నేళ్లు పోగొట్టుకున్నామో చెప్పినా మా పిల్లలకు అర్థం కాదు. అయినా ఒక్కోసారి ఆ కోపిష్టి అన్నే కావాలనిపిస్తుంది. నాతో మాట్లాడకపోయినా, నాకు పెళ్లయిందనీ, ఎవరితో అయిందో, ఏ ఊళ్లో ఉన్నానో ఆయనకు తెలిసి ఉండేది.