వాక్కాయ పూత మీద కత్తెర

వాక్కాయ పప్పు ఉడుకుతున్నప్పుడు లేచే పుల్లటి వాసనకు ఈ వయసులోనూ నా నోట్లో నీళ్లూరుతాయి. ఆ వెంటనే తల దించుకోవాలనిపిస్తుంది. గంగారాం మీకెవరికీ తెలియదు. ఎనభైల చివర్లో బోధన్ దగ్గరి ఒక చెరకు నర్సరీలో ఆయన తోటమాలి, నేను కొత్తగా చేరిన సూపర్‌వైజర్‌ని. నర్సరీ చుట్టూ ఉన్న వాక్కాయ కంచె ఆయన పెంచిందే. ఆ ముళ్లకు జడిసి పశువులు లోపలికి దూరేవి కావు. వానాకాలంలో కూలికొచ్చే ఆడవాళ్లు గులాబి రంగు తిరిగిన కాయలను కొంగుల నిండా తెంపుకుపోయేవారు. నా చేతులు గీరుకుపోవడం చూసి ఆయనొకసారి నా మణికట్టు పట్టుకుని కొమ్మలోకి నడిపించాడు. "ముల్లు ఎటు సూస్తదో గటే పోనియ్యాలె సారూ. ఎదురువోతే ఊకుంటదా?"

ఒక ఏడు చలి తగ్గుతున్న రోజుల్లో, బిడ్డ కాన్పుకని ఆయన ముప్కాల్ వెళ్లాడు. రెండు రోజుల్లో పెద్ద అధికారి వస్తున్నాడు. కంచె నా కంటికి చింపిరి తలలా కనిపించింది. ఆదివారం, కూలీలెవరూ లేరు. కత్తెర తీసుకుని గోడలా సాపుగా కత్తిరించేశాను. తెగిన కొమ్మల నుంచి పాలు కారాయి, తెల్లటి మొగ్గలు కుప్పలుగా రాలాయి. అవి మొగ్గలని కూడా గమనించలేదు. తిరిగొచ్చిన గంగారాం ఒక రెమ్మ ఎత్తి చూశాడు. "పూత మీద కొట్టిన్రా సారూ? కాయ తెంపినంక గద కొట్టాలె." అంతే అన్నాడు.

వానలు పడ్డాయి. కంచెకు కాయ లేదు. "ఏందే గంగారామన్నా, కాయలన్నీ నువ్వే మింగినవా?" అంది లచ్చవ్వ, కూలీలందరికీ ముందుండే మనిషి. నవ్వులు విని మేనేజర్ వచ్చాడు. ఎవరు కత్తిరించారని అడిగాడు. అది గంగారాం ఊళ్లో లేనప్పటి పనని ఇన్ని నెలల తర్వాత ఎవరికీ గుర్తు లేదు. నేను పక్కనే ఉన్నాను, చేతిలో హాజరు పుస్తకం చూసుకుంటూ.

"నేనే సారూ. కండ్లు సరిగ అవుపడ్తలేవు," అన్నాడు గంగారాం.

ఆ రోజే ఆయనను కంచె పని నుంచి తప్పించి గేటు దగ్గర కూర్చోబెట్టారు. సాయంత్రం వెళ్లి ఎందుకలా చెప్పావని అడిగాను. "నీది కొత్త నౌకరి. నాకేం పోతది?" అన్నాడు. పోయింది. ఆ తర్వాత ఆయన పేరు పూత కోసిన గంగారాం. అయినా గేటు దగ్గర స్టూలు మీద కూర్చునే నాకు పని నేర్పాడు. ఏ కొమ్మ ఉంచాలో, ఏది తీయాలో చూపుడువేలితో చెప్పేవాడు. నాకొచ్చిన ప్రమోషన్లన్నీ ఆ వేలి చలవే. ఆయన దినాల నాడు కూడా విస్తళ్ల ముందు ఎవరో ఆ పేరుతోనే తలుచుకున్నారు. నేను తల వంచుకుని తిని వచ్చాను.

కిందటి నెల బోధన్ అంగట్లో లచ్చవ్వ కనిపిస్తే అంతా చెప్పాను. బాగా ముసలిదయింది. చేతిలోని సంచి కింద పెట్టింది.

"గన్నేండ్లు ఆయన్ని జూసి నవ్వితిమి గద సారూ. నువ్వు గూడ నవ్వినవు."

నవ్వాను. అది కూడా ఇక్కడ రాయాలి.