ఊపిరి వదలమనని పాట

ఆసుపత్రిలో అందరూ ఆమెను ఎక్స్‌రే అక్క అనే పిలుస్తారు. పొద్దస్తమానం నవ్వుతూనే ఉంటుంది. అలాంటి మనిషి పాట రాసిందంటే మాత్రం శ్మశానమే! అంబులెన్సు డ్రైవరు డ్రమ్ములు, పిండికట్లు కట్టే ఆయన గిటారు, అక్క గొంతు. భోజనాల వేళ అంబులెన్సు షెడ్డులో మొదలైన రాక్ బ్యాండు అది. ‘ఎముకల గూడు’ అని పేరు పెట్టిందీ ఆవిడే. మొదటి కచేరీకి వచ్చినవాళ్లలో సగం మంది కట్లతోనే వచ్చారు.

పేరు తెచ్చిన పాట మాత్రం ఒక్కటే. “ఊపిరి బిగబట్టు, కదలకు, చీకట్లో నిన్ను చూస్తున్నా” అంటూ సాగి, చివర మళ్లీ “ఊపిరి బిగబట్టు” అన్న మాట మీదే టక్కున ఆగిపోతుంది. ఆ చూసేది మృత్యువని కొందరు, కాదు వదిలేసి పోయిన ప్రియుడని కొందరు జుట్లు పట్టుకునేవారు. అక్కను అడిగితే కిసుక్కున నవ్వి ఊరుకునేది.

వాళ్ల నాన్నకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన దర్జీ. కూతురు ఏదో దిగులు లోపల దాచుకుని పాడుతోందని ఆయన బెంగ. “ఆ చావుపాటలు నా చెవిన పడనివ్వకే” అని ఒక్క కచేరీకీ వచ్చేవాడు కాదు. ఆయన వచ్చి ముందు వరుసలో కూర్చోవాలని ఆమెకు ఎంత ఆశో!

ఇంతలో ఆయనకు దగ్గు పట్టుకుంది. ఎన్ని మందులు మింగినా తగ్గి చావదు. ఊపిరితిత్తులకు ఎక్స్‌రే తీయించమన్నాడు డాక్టరు. తీయాల్సింది ఎవరు? కూతురే.

దీపాలు తగ్గించిన గదిలో ఆయన్ను ఎక్స్‌రే పలకకు ఆనించి నిలబెట్టింది. చొక్కా లేకపోతే నాన్న ఇంత బక్కగా ఉంటాడా! గాజు అద్దం వెనక్కి వెళ్లి, “ఊపిరి పీల్చు నాన్నా. బిగబట్టు. కదలకు” అని మీట నొక్కింది. తెర మీద బొమ్మ పడింది. ఎక్కడైనా మచ్చ ఉందేమోనని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికింది. ఏమీ కనిపించలేదు. మళ్లీ వెతికింది.

“ఏమే! చంపేస్తావా ఏంటి?” అవతల నాన్న ముఖం కందగడ్డలా అయిపోయింది. “మా కొట్లో ఛాతీ కొలవాలంటే ముందు ఊపిరి వదలమంటాం. నువ్వు బిగబట్టమని చెప్పి మర్చిపోతావా?”

“భయమేసింది నాన్నా!” అని బావురుమంది.

గుండీలు పెట్టుకుంటున్న నాన్న చేతులు ఆగాయి. “బిగబట్టు, కదలకు... జనం పాడుకునే నీ పాట ఈ గదేనా?”

“ఈ గదే. రోజూ ఎంతమంది భయం చూస్తానో. వాళ్లు వెళ్లిపోయినా అది నాలోనే ఉండిపోతుంది. పాడితే దిగిపోతుంది.”

“అంతేనా? ఇంకే దిగులూ లేదుగా?”

“నువ్వు రావట్లేదన్నదే.”

మొండి జలుబు తప్ప ఇంకేం లేదని డాక్టరు తేల్చేశాడు. ఆ ఆదివారం సాయంత్రం, తను కుట్టుకున్న కొత్త కోటు తొడుక్కుని నాన్న ముందు వరుసలో కూర్చున్నాడు. పాట ఎప్పటిలాగే టక్కున ఆగింది. హాలంతా ఊపిరి బిగబట్టింది.

“ఇక వదలండయ్యా!” అని దర్జీ గొంతు ఖంగుమంది.

జనం గొల్లుమన్నారు. మైకు దగ్గర నిలబడిపోయిన ఎక్స్‌రే అక్క, అందరికంటే ఆలస్యంగా, ఊపిరి వదిలింది.