గింజ రాలని బీడు

గౌడవెల్లి దారిలో మాకో బీడు చేను ఉంది. రాళ్ల నేల, పంటకు పనికిరాదు. వానలు పడితే మాత్రం మోకాలెత్తు గడ్డి, అందులో నీలం విష్ణుక్రాంతాలు, భాద్రపదం ముగిసేసరికి ఎటు చూసినా బతుకమ్మలో పేర్చే గునుగు పూలు. ఆ గునుగు గింజ రాలేదాకా నేను కొడవలి పెట్టనివ్వను. దీపావళి దాటాకే కోత. గింజ నేలన పడకపోతే మరుసటేడు పువ్వు ఎక్కడిది? ఈ చిన్న సంగతి చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

"అడవి పెంచుతున్నవా ఏంది?" అని మా ఆయన ఏటా అడుగుతాడు. పాములొస్తాయని ఒకరు, ప్లాట్లు చేస్తే పోయేదని ఇంకొకరు. వినీ వినీ విసుగొచ్చింది.

అట్లాంటిది, పోయినేడు బౌరంపేట్‌లో గేటు కాలనీలో ఉండే మా తోడికోడలు ఫోన్ చేసింది. "అక్కా, ఈసారి మా కాలనీ ఆడోళ్లమంతా మన చేన్ల బతుకమ్మ ఆడుతం. మస్తుంటది!"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకు ఒక్క మనిషి కంటికైనా ఆ చేను ఆనిందని మురిసిపోయాను.

పండుగకు వారం ముందు మేడ్చల్ అంగడికి పోయి వచ్చేసరికి చేను నున్నగా ఉంది. మా తోడికోడలు ట్రాక్టరుకు బ్లేడు పెట్టించి గీకించింది. గడ్డీ గునుగూ మట్టితో కలిసి గట్టున కుప్పపడి ఉన్నాయి.

"మీకెందుకు పరేషాన్ అని నేనే జల్దీ సాఫ్ చేయించిన అక్కా. ఆడనీకె జాగ కావాలె గదా!"

ఒళ్లు మండిపోయింది. బతుకమ్మ ఆడటానికి బతుకమ్మ పువ్వునే గీకిపారేసే తెలివి మా వాళ్లకే చెల్లింది. నోటికొచ్చినట్టు తిట్టాను. కుప్పలో చెయ్యి పెట్టి చూస్తే గింజ ఇంకా పచ్చిగానే ఉంది. అది మొలవదు.

పండుగనాడు ఆమె కాలనీ వాళ్లతో, కొన్న బంతిపూల తాంబాలంతో దిగింది. కరెంటు స్తంభం పక్కన, బ్లేడు తిరగని మూల, నాలుగు గునుగు మొక్కలు మిగిలాయి. వాటిని చూసి గబగబా అటు నడిచింది. అడ్డం పోయి చెయ్యి పట్టుకున్నాను.

"ముట్టకు. వచ్చే ఏడుకు గింజ గవే."

"గునుగు లేకుంట బతుకమ్మ ఏందక్కా?"

"గదే నేను అడుగుతున్న."

మూతి ముడుచుకుంది. అయినా అందరం ఆడాం. నాకు బుద్ధి తెలిశాక గునుగు లేకుండా బతుకమ్మ పేర్చడం అదే మొదటిసారి. చప్పట్లు కొడుతూ తిరుగుతున్నానే గానీ, ఎవరు తెంపుతారోనని నా కళ్లన్నీ ఆ స్తంభం మీదే ఉన్నాయి.