బల్ల మీద కూర్చున్న పెద్దమనిషి

మా ఆడపడుచు డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగాల పరీక్షలకు చదువుకుంటూ చీపురుపల్లిలో మాతోనే ఉండేది. ఓ మధ్యాహ్నం మా అత్త కునుకు తీస్తుంటే, నన్ను పిలిచి తన లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది. ఇంటర్నెట్‌లో ఒక లోకం ఉందట. అక్కడ మనకో ఒళ్ళు ఇస్తారట, దాంతో ఎక్కడికైనా తిరగొచ్చట. సినిమాయా అని అడిగాను. కాదంది. ఆటేమో అంటే, గెలవడం ఓడడం ఉండవంది. మరి వెళ్ళి ఏం చేస్తారో నాకు బోధపడలేదు.

ముందు నన్ను తయారు చేసింది. జుట్టు, ముక్కు, రంగు అన్నీ నన్నడిగే పెట్టింది. చీర మాత్రం ఎంత వెతికినా దొరక్క, చివరికి పాదాల దాకా ఉన్న గౌను తొడిగింది. తెరమీద ఆ పొడుగాటి మనిషి నేనేనంటే సిగ్గేసింది. మీటలు నొక్కి నడవాలట. నేను నొక్కితే గోడకు మొహం ఆనించి అక్కడే నడుస్తూ ఉండిపోయాను. ఇంకోసారి తలుపు లేని ఇంట్లోకి వెళ్ళిపోయాను. ఎవరిల్లో తెలీదు. చెప్పులు విప్పడం ఎలాగని అడిగితే ఆడపడుచు నవ్వింది.

తరవాత సముద్రం దగ్గరికి తీసుకెళ్ళింది. నా పుట్టిల్లు కళింగపట్నం. మా నాన్న, అన్నలు వేటకెళ్ళేవాళ్ళే కాబట్టి సముద్రం నాకు కొత్త కాదు. కాని అక్కడ సూర్యుడు నీళ్ళలోకి దిగిపోతున్నాడు. మా ఊళ్ళో సూర్యుడు సముద్రంలోంచి పైకి రావడమే తప్ప అందులో మునగడం నేనెన్నడూ చూడలేదు. తూర్పు ఎటో తెలియలేదు. కిటికీలోంచి చూస్తే మా పెరట్లో ఎండ మండిపోతోంది.

ఒడ్డున బల్ల మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. కోటు, తెల్లటి మీసాలు. ఇంగ్లీషులో పలకరించాడు. ఆడపడుచు అది చదివి నాకు చెప్తూ, నేను చెప్పింది కొట్టి పంపుతూ ఉంది. ఆయనది ఒరిస్సాలో బరంపురం పక్కనట. అంటే ఇచ్ఛాపురం దాటితే వాళ్ళ ఊరే. అంత దగ్గరి మనిషిని కలవడానికి ఇంత దూరం ఎందుకు రావాలో నాకు తెలియలేదు. కూర్చోమన్నాడు. పరాయి మగాడి పక్కన ఎలా కూర్చుంటాను? బల్లకి ఈ చివరన కూర్చోబెట్టమన్నాను. మా ఊరి చేపల సంగతి చెప్తూ ఉండగా ఉన్నట్టుండి ఆయన తల వాల్చేశాడు. ఎంత పలకరించినా బదులు లేదు.

కుర్చీలోంచి లేచి వెళ్ళుంటాడని ఆడపడుచు అంది. ఇక్కడే ఉన్నాడు కదా అన్నాను. ఈ బల్ల కాదు, వాళ్ళింట్లో కుర్చీ అంది. ఇంకెక్కడికైనా పోదామంటే నాకు మనసొప్పలేదు.

ఈలోగా అత్త లేచి వచ్చింది. సంగతి విని తెరలోకి వంగి చూసింది. "ముసిలోడికి ఒంట్లో బావులేదేమో. సీకటడిపోతన్నాది. ఒక్కడినీ ఒగ్గీసి ఎలాగొచ్చెత్తావే?" అంది నాతో. తనూ పక్కన చతికిలబడింది. ముగ్గురం ఆయన్నే చూస్తూ కూర్చున్నాం. టీ పెట్టడం కూడా మర్చిపోయాను.

చాలాసేపటికి ఆయన తల ఎత్తాడు. వచ్చిన మాటలు ఆడపడుచు రెండుసార్లు చదువుకుంది. పాప లేచిందట, పాలిచ్చి వచ్చిందట.

"ఎవులు పాలిచ్చినారు?" అంది అత్త.

"ఈయనేనమ్మా. ఈయన ఆడమనిషట."

మొగుడు డ్యూటీకి వెళ్ళాక పసిబిడ్డతో ఇంట్లో ఒక్కతే ఉంటుందట. మొదట్లో ఆడరూపంతోనే వచ్చేదట. ఎవరో ఒకరు వెంటబడి కూర్చోనిచ్చేవారు కాదట. అందుకని ముసలాయన ఒళ్ళు తొడుక్కుందట.

 అత్త నెమ్మదిగా అడిగింది.

"అక్కడా అదేనేటి?"

 నన్ను ఆమె దగ్గరికి జరపమని ఆడపడుచుకి చెప్పాను. జరిగాక ఏమనాలో తోచలేదు. అంతసేపూ బాబుగారూ అన్నాను. ఇప్పుడు చెల్లీ అందామంటే ఎదురుగా ఆ మీసాలు కనిపిస్తున్నాయి. బిడ్డకి ఎన్నో నెల అని మాత్రం అడిగించాను. అయిదో నెలట. రాత్రిళ్ళు పడుకోనివ్వదట. పాపకి వాము నీళ్ళు పట్టమని చెప్పు, చెప్పు అని అత్త ఆడపడుచు భుజం తడుతూనే ఉంది. అంతలో కరెంటు పోయింది. లాప్‌టాప్ వెలుగుతూనే ఉంది గాని నెట్ ఆగిపోయింది. వెళ్ళొస్తామని చెప్పకుండానే వచ్చేశాం.

మర్నాడు వెళ్ళి చూస్తే బల్ల ఖాళీగా ఉంది. ఆ నెలలోనే ఆడపడుచుకి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చి, లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళిపోయింది. నేను మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు. అత్త మాత్రం వీధిలో వాళ్ళతో సముద్రం ఒడ్డున ఒక బాలింతతో మాట్లాడామని చెప్పేది. ఏ ఊళ్ళో అని వాళ్ళు అడిగితే నావైపు చూసేది. నేనేం చెప్పను?