పాఠంలో లేని ఎద్దు

మా చిన్నప్పుడు... సాయంత్రం బడి నుంచి వచ్చి సంచి దించకముందే, అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న మా అవ్వ, "ఈ పొద్దు ఏం పాఠమే పాపా?" అని అడిగేది.

మాది కప్పగల్లు, కన్నడసీమ అంచున ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. నేను వాచకంలో ఒక వాక్యం కన్నడలో చదవాలి, వెంటనే తెలుగులో చెప్పాలి. అవ్వకు కన్నడ రాదనుకునేరు... సంతలో బేరమంతా కన్నడలోనే ఆడేది. కథ మాత్రం తెలుగులో వింటే తప్ప ఆమెకు ఒంటబట్టేది కాదు.

వింటున్నంతసేపూ కథలో వాళ్ళంతా మా వీధివాళ్ళే. నక్కను నోరారా తిట్టేది. రాజుగారి కూతురికి జ్వరమొస్తే "మిరియాల కషాయం తాపమను" అని నాకు చెప్పేది... నేనేదో రోజూ కోటకు వెళ్ళొస్తున్నట్టు.

ఆ వారం ఇంట్లో ఒక గొడవ. గొడవంటే ఎవరూ నోరెత్తలేదు. మా ముసలి ఎద్దు మల్లడు కుంటుతున్నాడనీ, శుక్రవారం దళారి వచ్చి తోలుకుపోతాడనీ నాయన చెప్పాడు. మల్లడు పుట్టినప్పుడు ఒళ్ళు తుడిచి పాలు పట్టించింది అవ్వే. అయినా సేద్యం సంగతుల్లో కొడుకు మాటకు అడ్డు చెప్పే అలవాటు ఆమెకు లేదు. సరేననలేదు, వద్దనీ అనలేదు.

సరిగ్గా అప్పుడే మా వాచకంలో రైతూ ముసలి ఎద్దూ పాఠం వచ్చింది...

ఒక రైతుకు ముసలి ఎద్దు ఉంది. అది నడవలేకపోతే ఊరి బయటికి తోలేశాడు. కొత్త ఎద్దును కొన్నాడు. ఒళ్ళు వంచి దున్నాడు. వానలు కురిశాయి, పంట పండింది. కష్టపడితే ఫలితం ఉంటుంది. పాఠం సమాప్తం.

"ఎద్దు యాడికి పాయ?" అంది అవ్వ.

"పాఠంలో లేదవ్వా."

"లేకుంటే ఎట్లమే? పేజీ తిప్పు."

"తిప్పితే పద్యం వస్తుంది... చందమామ మీద."

"సదువు. అందులో ఉంటాదేమో."

చదివాను. మబ్బులొచ్చాయి, చందమామ దాక్కున్నాడు, మళ్ళీ బయటికొచ్చాడు. అవ్వ చివరిదాకా ఓపికగా విని, "చందమామ దొరికినాడు గానీ, ఎద్దు దొరకల్యా" అంది. ఆ పూట సంగటి ముట్టలేదు.

మర్నాడు బడిలో మా మేష్ట్రు బోర్డు మీద లెక్క రాస్తున్నారు. చూద్దును కదా, వాకిట్లో అవ్వ. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏమప్పా మేష్ట్రూ, ఆ ఎద్దు ఏమాయ?"

పాపం, ఎవరిదో ఎద్దు తప్పిపోయిందనుకున్నారాయన. పాఠంలో ఎద్దని తెలిశాక నవ్వాపుకుని, "పాఠ అల్లిగే ముగీతు అజ్జీ... అంతే, అయిపోయింది" అన్నారు.

"పాఠం అయిపోయింది, సరే. ఎద్దు యాడుండాది?"

"అడవిలో గడ్డి మేస్తా ఉంటాదిలే అజ్జీ."

"మన పక్క అడవి యాడుందప్పా? కుంటికాలుతో సండూరు కొండల దాకా నడిసిందా?"

"ఎవరో పుణ్యాత్ములు తోలుకపోయింటారు."

"ఎవరు? ఏ ఊరోళ్ళు?"

మేష్ట్రు తడబడి "హగరి" అనేశారు. అవ్వ పుట్టిల్లు హగరే. ఆమెకు తెలియని పశువుల కొట్టం అక్కడ ఒక్కటీ లేదు. ఎవరింట్లో అని అడిగేసరికి ఆయన దొరికిపోయారు. మేమంతా లెక్క వదిలేసి వాళ్ళిద్దరినే చూస్తున్నాం. చివరికి చాక్‌పీసు పక్కన పెట్టి, "ఆ రైతే పోయి తోలుకొచ్చినాడు అజ్జీ, మనసొప్పక" అన్నారు.

అవ్వ మొహం తేటపడింది. "ఆ ముక్క బుక్కులో రాసీప్పా" అంది.

నా వాచకం తెప్పించి, పాఠం అడుగున ఉన్న ఖాళీలో రాయించింది. 'తర్వాత రైతు మనసొప్పక ఎద్దును వెతికి ఇంటికి తెచ్చుకున్నాడు. బతికినన్నాళ్ళూ మేత వేశాడు.' రెండో వాక్యం అవ్వ చెప్పిందే.

ఆ సాయంత్రం నాయన కాళ్ళు కడుక్కుని కూర్చోగానే, "మీ నాయనకు ఆ పాఠం సదువు" అంది. చదివాను. చివరి రెండు వాక్యాలూ గట్టిగా చదివించింది. నాయన పుస్తకం తీసుకుని పేజీ కిందికి తొంగి చూశాడు.

"ఈడ పెన్నుతో రాసుండాదే?"

"అచ్చేసేటప్పుడు సోటు సాల్లేదంట" అంది అవ్వ, ఏ మాత్రం తొణక్కుండా.

నాయన ఆమె వైపు చూశాడు. కొట్టం వైపు చూశాడు. పుస్తకం మూసి నా చేతికిచ్చాడు.

తెల్లారితే శుక్రవారం. దళారి వచ్చాడు. నాయన చెంబుడు మజ్జిగ ఇచ్చి, "ఈసారికి లేదులేప్పా" అన్నాడు.

"ఏందప్పా ఇది, నువ్వే రమ్మంటివే?"

"ఏం చేసేది... మా పాప పాఠంలో అట్ల రాసుండాది."

దళారి మజ్జిగ తాగి, నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు. ఆ పూట అవ్వ మారు ముద్ద వేయించుకుంది. నాకెంత సంతోషమో... మా మల్లడు ఇంట్లోనే ఉంటాడు!

ఆ తర్వాత చాలా ఏళ్ళు మల్లడు ఏ పనీ చేయకుండా కూర్చుని తిన్నాడు. కష్టపడితేనే ఫలితం అన్న నీతిని వాడు పూచికపుల్లంతైనా లెక్కచేయలేదు. ఇక పరీక్షలో, ముసలి ఎద్దును రైతు ఏం చేశాడని అడిగితే, మా క్లాసంతా వెతికి ఇంటికి తెచ్చుకున్నాడనే రాశాం. మేష్ట్రు అందరికీ మార్కులేశారు. వేయక ఏం చేస్తారు... రాసింది ఆయనే కదా.

మొన్న మా అమ్మాయి ఫోన్లో ఏదో కథ చదివి, "ఆ కుక్కపిల్ల ఏమైందమ్మా?" అంది. "అంతే, అయిపోయింది" అన్నాను. ఒప్పుకుంటేనా... అచ్చం అవ్వ పోలిక. సరే, అడుగున రెండు ముక్కలు రాద్దామని చూస్తే, ఆ కథ పైకి జరిగిపోయి ఇంకో కథ వచ్చేసింది. రాయడానికి ఖాళీ లేదు. పోట్లాడి రాయించడానికి మా అవ్వా లేదు.

మీ వాచకాల్లోనూ ఇలా పాఠం అయిపోయాక ఊరి బయటే ఉండిపోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా... ఉంటే కింద రాసి ఇంటికి తోలుకురండి. ఇక్కడ అడుగున చోటుకేం తక్కువ లేదు.