దేవిక వెంట భూపాలపల్లికి

శనివారం తెల్లవారుజామున జనగామ స్టేషనుకు చేరేసరికి పొగమంచులో పట్టాలు కనబడలేదు. ముందు రైలు చప్పుడు వచ్చింది, చాలాసేపటికి రైలు వచ్చింది.

భూపాలపల్లిలో బొగ్గుగని కార్మికుల క్రైస్తవ సంఘం ఒకటుంది. వాళ్ల పాస్టరుగారు జబ్బుచేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. జనగామలో ఆడవాళ్లకు బైబిలు పాఠాలు చెప్పే నన్ను ఆదివారం వాక్యం చెప్పమని పిలిచారు. వస్తాను గాని మాట్లాడేది దేవిక అన్నాను. ఫోనులో అవతలి మనిషి ఆ పేరు రెండుసార్లు అడిగాడు.

దేవికది నెల్లికుదురు దగ్గరి లంబాడీ తండా. మూడేళ్లుగా నా దగ్గర నేర్చుకుంటోంది. తండాలో తన భాషలో ప్రార్థనలు నడుపుతుంది. బయట ఎక్కడా నోరు విప్పలేదు.

రఘునాథపల్లి దాటాక పొలాలు ఒక్కొక్కటే మంచులోంచి తేలివచ్చాయి. కేసముద్రంలో పత్తి లారీల మీంచి తెల్లటి పింజలు లేచి, ఎక్కడా వాలకుండా గాలిలోనే తిరుగుతున్నాయి. ఎదురు సీటులో అవ్వ అడిగింది: “ఏడికి బిడ్డా?”

“భూపాలపల్లికి. మానుకోటల ఒకామెను కలుపుకొని బస్సుకు పోతా.”

“గంత దూరమా! తోడుంటే దూరం తెల్వది తియ్” అని కళ్లు మూసుకుంది.

మానుకోట అంటే మహబూబాబాదే. స్టేషను బయట దేవిక జొన్నరొట్టెల డబ్బాతో నిలబడి ఉంది. ఆధార్ చూపిస్తే బస్సులో ఆడవాళ్లకు సున్నా టికెట్టు. నర్సంపేటలో, ములుగులో బస్సులు మారాం. ఈ దారిన వచ్చేవాళ్లు తిండి వెంట తెచ్చుకుంటే మంచిది.

ములుగు దాటాక రెండువైపులా అడవి. టేకు ఆకుల నీడలు దేవిక ముఖం మీద నీళ్లలా పారుతున్నాయి. పెదవులు కదుపుతూ వాక్యం వల్లె వేసుకుంటోంది.

“అక్కా, తెలుగుల తడబడితే నవ్వుతరా?”

“నవ్వనియ్. ఆగి మళ్ల చెప్పు.”

“నువ్వు లేచి అందుకోవద్దు మరి.”

“అందుకోను.”

పొద్దుగూకే వేళకు దిగాం. బొగ్గు లారీల దుమ్ములో సూర్యుడు దానిమ్మగింజలా ఉన్నాడు. మా బస సంఘపెద్ద ప్రకాశంగారింట్లో. గనిలో పనిచేసి రిటైరైన మనిషి. పప్పుచారుతో అన్నం పెట్టించి మెల్లగా అన్నాడు: “అమ్మగారూ, మా సంఘం గిప్పటికే సగమైంది. గీ తండా పిల్ల మాట్లాడితే ఆ సగం గూడ పోతది.” వంటింటి గుమ్మంలో దేవిక విన్నది. తలొంచుకుని గిన్నెలు సర్దింది.

ఉదయం రేకుల షెడ్డులో ఆరాధన. తప్పిపోయిన గొర్రెను వెతికే కాపరి గురించి దేవిక బాగానే మొదలుపెట్టింది. నడుమ ఆగిపోయింది. ఫ్యాను కిర్రుమంటోంది. ప్రకాశంగారు నావైపు చూశాడు. లేవబోయిన కాళ్లను నేలకు అదిమిపట్టాను.

దేవిక బైబిలు మూసి, నడిచివెళ్లి, ముందువరుస చాప మీద రాజవ్వ అనే ముసలామె పక్కన కూర్చుంది.

“అవ్వా, నాకు మాట దొరుకుతలేదు. అయ్యగారు పోయినకాంచి మీరెట్ల ప్రార్థన చేసిన్రో నువ్వే జెప్పు.”

“ఎట్లేంది బిడ్డా? ఎవలింట్ల దుఃఖముంటే గా ఇంటికి పోయినం. నేను పాడిన, గీ సువార్త పిల్ల వాక్యం చదివింది.”

కుట్టుమిషను పనిచేసే సువార్త సిగ్గుతో కొంగు సర్దుకుంది. వెనకనుంచి ఒకాయన లేచాడు: “నేను దవాఖానల పడ్డప్పుడు గీళ్లిద్దరే వచ్చిన్రు.” ఇంకొకామె లేచింది, ఆపైన మరొకామె. ప్రకాశంగారికి ఇదేమీ తెలియదు. కళ్లద్దాలు తీసి తుడుస్తూ కూర్చున్నాడు.

అప్పుడు దేవిక లేచింది. “కాపరి లేడని పరేషాన్ అయితున్నరు. గీళ్లు ఇల్లిల్లు తిరిగి వెతికిన్రు గదా!” ఆపైన ఎక్కడా తడబడలేదు. షెడ్డు కిటికీలోంచి పడిన ఎండలో ధూళి కూడా నిలిచి విన్నట్టనిపించింది.

భోజనాలయ్యాక ప్రకాశంగారు ఆమె దగ్గరికే వచ్చాడు. “అమ్మా, నెలకోసారి రా. గీ ఇద్దరికి వాక్యం చెప్పుడు నేర్పు. మేం కూసోని ఇంటం.”

తిరుగు బస్సులో అడవంతా బంగారు రంగు. దేవిక అడిగింది: “అక్కా, నెలనెలా నువ్వు గూడ వస్తవా?”

“రాను. ఇగ నీ పని గది.”

కిటికీవైపు తిరిగింది. తర్వాత తనలో తాను నవ్వుకుంది.

నర్సంపేటలో ఆమె మానుకోట బస్సెక్కింది, నేను వరంగల్ బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తే అప్పటికే పక్కనున్న ఆడమనిషితో ఏదో చెబుతోంది. నన్ను చూడలేదు. బస్సులు విడిపోయాయి. నా పక్క సీటు ఖాళీ. మూడేళ్లుగా నేను కష్టపడింది ఈ ఖాళీ కోసమేనని తోచి, చెమ్మగిల్లిన కళ్లతో కిటికీకి తల ఆనించాను.